ఒక్కడే చేసాడంటే నమ్మడానికి ముప్పై ఏళ్ళు: గేయోర్గ్ ఎల్సర్ కథ

1939 నవంబర్ 13 రాత్రి, మ్యూనిక్‌లో గెస్టపో, అంటే నాజీల రహస్య పోలీసుల ఆఫీసు. అయిదు రోజులుగా ఎంత గుచ్చి గుచ్చి అడిగినా నాకేం తెలీదు అంటున్న ఒక వడ్రంగిని, ప్యాంటు పైకి లాగి మోకాళ్ళు చూపించమన్నారు పోలీసులు. రెండు మోకాళ్ళూ చర్మం లేచిపోయి, వాచి, చీము పట్టి ఉన్నాయి. హిట్లర్ కోసం పెట్టిన బాంబుకి పేలిపోయిన బీర్ హాల్లో రాళ్ళూ రప్పలూ తవ్వి చూసాక వాళ్ళకి అప్పటికే ఒక సంగతి అర్థమైంది, బాంబు కోసం స్తంభంలో తొలిచిన గూడు బాగా కింద వైపు ఉంది, అది నిలబడి చేసే పని కాదు, గంటల తరబడి మోకాళ్ళ మీద కూచుని చేసిందే. ఆ రాత్రి దాటేలోపు ఆయన ఒప్పుకున్నాడు. మొత్తం నేనే చేసాను, నాతో ఇంకెవరూ లేరు అన్నాడు.

నేరం ఒప్పుకోవడం కాదు ఇక్కడ విషయం, ఆ రెండో ముక్క, ఇంకెవరూ లేరు అన్నది. హిట్లర్ నమ్మలేదు, అతని పోలీసులందరికీ పెద్ద హిమ్లర్ నమ్మలేదు. సరే వాళ్ళంటే వాళ్ళు, యుద్ధం అయిపోయాక నాజీలంటే పడనివాళ్ళు కూడా నమ్మలేదు. జర్మనీలో చరిత్రకారులు కాగితాలు ముందు పెట్టి అవును ఇతనొక్కడే అని చెప్పేసరికి 1969 వచ్చింది. మనలో చాలామందికి హిట్లర్ మీద హత్యాప్రయత్నం అనగానే గుర్తొచ్చేది 1944 జులై 20న బ్రీఫ్‌కేసులో బాంబు పెట్టిన కల్నల్ స్టౌఫెన్‌బర్గ్, ఆయన మీద హాలీవుడ్ సినిమా కూడా వచ్చింది కాబట్టి. దానికి దాదాపు అయిదేళ్ళ ముందే, సైన్యం లేకుండా పార్టీ లేకుండా, చేతిలో ఉలి పట్టుకుని దాదాపు పని పూర్తి చేసేసిన గేయోర్గ్ ఎల్సర్ పేరు అంతగా వినపడదు. ఎందుకు వినపడదు అన్నదే ఈ కథలో అన్నిటికన్నా ఆలోచించాల్సిన విషయం.

ముందు మనిషి గురించి. 1903 జనవరి 4న దక్షిణ జర్మనీలో వ్యుర్టెమ్‌బర్గ్ ప్రాంతంలో హెర్మారింగెన్ అనే ఊళ్ళో పుట్టాడు, పెరిగింది మాత్రం దగ్గర్లోనే ఉన్న కోనిగ్స్‌బ్రొన్‌లో. తండ్రి కలప వ్యాపారం, కొంచెం పొలం, దాంతో పాటు బాగా తాగుడు. పెద్దకొడుకు కాబట్టి ఇంటి బరువు ముందు నుంచీ ఇతని మీదే. మొదట ఊళ్ళో ఇనుప ఫ్యాక్టరీలో లేత్ పని నేర్చుకోవడానికి చేరి ఒంటికి పడక మానేసాడు, తర్వాత చెక్కపనిలో చేరి 1922లో పరీక్షలో క్లాసు ఫస్టు వచ్చాడు. మాట తక్కువ. జిథర్ అని ఒళ్ళో పెట్టుకుని మీటే తీగల వాయిద్యం, డబల్ బాస్, ఇవి వాయించేవాడు, ఊరి సంగీతం క్లబ్బుల్లో అందరికీ తెలిసినవాడే. ఎన్నికల్లో ఓటు కమ్యూనిస్టులకి వేసేవాడు, వాళ్ళ అనుబంధ సంఘం ఒకదాంట్లో పేరు కూడా ఉంది, కానీ మీటింగులకి తిరిగే రకం కాదు, సిద్ధాంతం పుస్తకాలు చదివిన మనిషి అసలే కాదు. హిట్లర్ వచ్చాక చెయ్యెత్తి సెల్యూట్ కొట్టేవాడు కాదు, రేడియోలో హిట్లర్ స్పీచ్ మొదలైతే అక్కణ్ణించి లేచి వెళ్ళిపోయేవాడు. బయటికి కనపడిన తిరుగుబాటు అంతే.

ఇతని ఉద్యోగాల లిస్టు చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది, ప్రతి పనీ తర్వాత ఎక్కడో పనికొచ్చింది. 1925 తర్వాత కొన్నేళ్ళు కాన్‌స్టాన్స్ సరస్సు దగ్గర ఉన్నాడు. ఫ్రీడ్రిష్‌హాఫెన్‌లో డోర్నియర్ విమానాల కంపెనీలో చెక్క ప్రొపెల్లర్లు చేసాడు, ఆ తర్వాత కాన్‌స్టాన్స్ ఊళ్ళో గడియారాల ఫ్యాక్టరీలో పని. 1932లో ఇంటికి తిరిగొచ్చాడు, 1936 నుంచి హైడెన్‌హైమ్‌లో ఒక ఫ్యాక్టరీలో, అక్కడ ఆయుధాల తయారీ కూడా జరిగేది. చెక్క తెలుసు, గడియారం తెలుసు, మందుగుండు చేతికి అందే దూరంలో ఉంది. ఇంక మిగిలింది రాయి పేల్చడం, దానికోసం కావాలనే 1939 ఏప్రిల్‌లో కోనిగ్స్‌బ్రొన్‌లోనే రాతి క్వారీలో చేరాడు, అక్కడ వంద దాటి పేలుడు గుళికలు, డిటోనేటర్లు కొద్దికొద్దిగా ఇంటికి చేరవేసాడు. అమ్మానాన్నల తోటలో చిన్నచిన్న ప్రయోగాలు కూడా చేసి చూసుకున్నాడు. ఇన్ని నెలలు ఇదంతా ఒక మనిషి చేస్తుంటే ఎవరికీ అనుమానం రాలేదంటే, అసలు అనుమానించదగ్గ మనిషిలాగే కనపడలేదు ఎవరికీ.

మరి కారణమేంటి? ఇక్కడ కూడా పెద్ద పెద్ద మాటలు వెతికినవాళ్ళకి నిరాశే. తర్వాత బెర్లిన్ విచారణలో ఆయన మొదట చెప్పింది కూలి లెక్క. 1929లో వడ్రంగికి గంటకి ఒక మార్క్ వచ్చేది, ఇప్పుడు 68 ఫెనిగ్‌లు, అంటే మార్క్‌లో మూడొంతులు కూడా లేదు, పైగా కోతలు పెరిగాయి, పనివాడు తనకి నచ్చిన చోటికి మారే స్వేచ్ఛ లేదు, పిల్లల మీద హక్కు తల్లిదండ్రుల కన్నా నాజీల పిల్లల సంఘం హిట్లర్ యూత్‌కి ఎక్కువైంది, చర్చికి వెళ్ళే వాళ్ళకి మునుపటి స్వేచ్ఛ లేదు. ఆపైన 1938 సెప్టెంబర్ మ్యూనిక్ ఒప్పందం. బ్రిటన్, ఫ్రాన్స్ ప్రధానులు చెకోస్లోవేకియా ముక్కని హిట్లర్ చేతిలో పెట్టి శాంతి వచ్చేసిందని ఇంటికెళ్ళిన సమయంలో, ఈ వడ్రంగి వేసుకున్న లెక్క వేరు: హిట్లర్ ఇక్కడితో ఆగడు, ఇంకో దేశాన్ని అడుగుతాడు, యుద్ధం తప్పదు, దాన్ని ఆపాలంటే పైనున్న హిట్లర్, గోరింగ్, గోబెల్స్ పోవాలి. ఇందులో ఏ రహస్య సమాచారమూ లేదు గమనించండి. జీతం కవరు, ఊళ్ళో మాటలు, పని చేసే ఫ్యాక్టరీ గేట్లోంచి బయటికి ఏం వెళ్తోందో, ఇవే ఆధారం. అప్పట్లో కోట్ల మందికి కనపడినవే ఇతనికీ కనపడ్డాయి. ఈ మాట గుర్తుపెట్టుకోవాలి, తర్వాత అవసరం వస్తుంది.

చోటు ఎంచుకోవడం తేలికే అయింది. 1923 నవంబర్ 8న హిట్లర్ మొదటిసారి అధికారం లాక్కోబోయి ఫెయిలైన చోటు మ్యూనిక్‌లో బ్యుర్గర్‌బ్రాయ్‌కెల్లర్ అనే పెద్ద బీర్ హాలు. అధికారంలోకి వచ్చాక ప్రతి ఏటా అదే రోజు పాత కామ్రేడ్లని పిలిచి అక్కడ స్పీచ్. తారీఖు మారదు, హాలు మారదు. 1938 నవంబర్ 8న ఎల్సర్ స్వయంగా వెళ్ళి చూసాడు, స్పీకర్ నిలబడే చోటు వెనకాల ఒక స్తంభం, హాలు పైకప్పు బరువు మోసేది. అది కూలితే కప్పు సరిగ్గా అక్కడే పడుతుంది. 1939 ఏప్రిల్‌లో ఇంకోసారి వెళ్ళి కొలతలు తీసుకున్నాడు, ఆగస్టులో మకాం మ్యూనిక్‌కి మార్చాడు, అద్దెకిచ్చిన వాళ్ళకి ఏదో కొత్త వస్తువు కనిపెడుతున్నానని చెప్పాడు. అబద్ధమని కూడా అనలేం.

తర్వాత జరిగింది ముప్పై, ముప్పై అయిదు రాత్రుల పని. సాయంత్రం అదే హోటల్లో 60 ఫెనిగ్‌ల కూలోళ్ళ భోజనం తినడం, మెల్లగా పై బాల్కనీలోకి జారుకుని స్టోర్ రూములో దాక్కోవడం, తాళాలు వేసి అందరూ వెళ్ళిపోయాక టార్చి లైటు మీద నీలం చేతిరుమాలు కప్పి ఆ కాస్త వెలుగులో పని. స్తంభానికి ఉన్న చెక్క తొడుగుని కోసి, పైకి అతుకు కనపడకుండా బందులు పెట్టి చిన్న తలుపులా చేసాడు, పగలు ఎవరు చూసినా మామూలు చెక్కే. లోపల ఇటుక, సున్నం తొలవాలి, ఖాళీ హాల్లో ఉలి దెబ్బ తుపాకీ పేలినట్టు వినపడుతుంది. టాయిలెట్లలో నీళ్ళు ఆటోమేటిగ్గా కొన్ని నిమిషాలకి ఒకసారి ధబధబమని పడేవి, ఆ చప్పుడు వచ్చినప్పుడే గట్టి దెబ్బ, మళ్ళీ ఆగడం, మళ్ళీ వచ్చేదాకా ఎదురుచూడటం. రాలిన మట్టీ పెళ్ళలూ ఒక సంచిలోకి ఎత్తి పగలు బయటికి మోసుకెళ్ళడం. తొలిచిన గూటికి లోపల రేకు కొట్టాడు, డెకరేషన్ చేసేవాళ్ళు పొరపాటున మేకు దిగ్గొడితే గడియారం చెడకుండా. టిక్ టిక్ వినపడకుండా కార్క్ పరిచాడు. గడియారాలు కూడా ఒకటి కాదు రెండు, ఒకటి ఆగినా ఇంకోటి ఉండేలా, ఆరు రోజుల ముందే టైం సెట్ చేసుకునేలా. ఇది కోపంతో చేసే పని కాదు. ఒప్పుకున్న బీరువాని చివరి చిత్రిక దాకా సరిగ్గా చేసిచ్చే పనివాడి పద్ధతి ఇది, మోకాళ్ళు పోయింది కూడా ఇందులోనే.

ఇన్ని రాత్రులు కాపలా ఏమైంది అంటే, అదో తమాషా. ఆ హాలు సెక్యూరిటీ ఎవరిది అని మ్యూనిక్ పోలీసులకీ, హిట్లర్ పాత దోస్తు క్రిస్టియాన్ వేబర్‌కీ ఒకప్పుడు పెద్ద పేచీ వస్తే హిట్లర్ స్వయంగా పార్టీవాళ్ళకే అని తీర్పిచ్చాడు. పార్టీవాళ్ళ కాపలా అంటే ఇక ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

1939 నవంబర్ 8. అప్పటికే పోలండ్ మీద యుద్ధం జరిగి రెండు నెలలు దాటింది, ఆపాలనుకున్నది మొదలైపోయింది, అయినా ఎల్సర్ వెనక్కి తగ్గలేదు, పెరగకుండా అయినా ఆపొచ్చని. ముందు రోజు రాత్రి కూడా హాలుకి వచ్చి గడియారాలు నడుస్తున్నాయో లేదో చెవి పెట్టి విని వెళ్ళాడు. బాంబు టైము రాత్రి 9:20. మామూలుగా అయితే హిట్లర్ ఎనిమిదిన్నరకి మొదలుపెట్టి పది దాకా మాట్లాడతాడు. ఆ ఏడు మాత్రం అదే రాత్రి బెర్లిన్ వెళ్ళాల్సి ఉంది, పొగమంచు వల్ల విమానం మీద నమ్మకం లేక రైలుకి వెళ్ళాలి, కాబట్టి ఎనిమిదింటికే మొదలుపెట్టి 9:07కి ముగించి బయటికి వెళ్ళిపోయాడు. గడియారం మాత్రం తప్పలేదు. 9:20కి స్తంభం పేలింది, కప్పు కూలి స్పీకర్ నిలబడిన చోటే పడింది. మూడు వేల మంది ఉన్న హాల్లో అప్పటికి మిగిలింది 120 మంది దాకా. 8 మంది చనిపోయారు, 60 మందికి పైగా గాయాలు. చనిపోయిన వాళ్ళలో ఒకామె ఆ హాల్లో సర్వ్ చేసే మరియా హెన్లె.

ఇక్కడ చాలామంది ఒక వరస తప్పు చెప్తుంటారు, బాంబు పేలాక వెతికి పట్టుకున్నారని. కాదు, ఎల్సర్ దొరికింది బాంబు పేలడానికి 35 నిమిషాల ముందు, 8:45కి, హిట్లర్ ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. కాన్‌స్టాన్స్‌లో స్విట్జర్లాండ్ సరిహద్దు కంచెకి కొద్ది మీటర్ల దూరంలో ఇద్దరు కస్టమ్స్ వాళ్ళు ఆపారు. జేబుల్లో వైరు కట్టర్, ఫ్యూజు ముక్కలు, డ్రాయింగులు, ఆ బీర్ హాలు బొమ్మ ఉన్న పోస్ట్‌కార్డు, కోటు కాలరు లోపల పాత కమ్యూనిస్టు సంఘం బ్యాడ్జి. అంత జాగ్రత్తగా గూడు తొలిచిన మనిషి ఇవన్నీ ఎందుకు జేబులో వేసుకుని సరిహద్దుకి వెళ్ళాడు అన్నది నిజంగా వింతే. స్విస్ వాళ్ళకి నేనే చేసానని రుజువు చూపించాలనుకున్నాడని ఒక ఊహ ఉంది. పారిపోయే భాగం మీద ఆయన పెద్దగా మనసు పెట్టలేదనే అనిపిస్తుంది.

ఇక అబద్ధాల సంగతి. నాజీల మొదటి అబద్ధం వెంటనే తయారైంది: ఇది బ్రిటిష్ సీక్రెట్ సర్వీస్ పని. నవంబర్ 9నే హాలండ్ సరిహద్దులో వెన్లో దగ్గర ఇద్దరు బ్రిటిష్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్లు బెస్ట్, స్టీవెన్స్‌ని ఎత్తుకొచ్చి, వీళ్ళే సూత్రధారులు, ఎల్సర్ కేవలం పనిముట్టు అని పేపర్లలో వేసారు. బెర్లిన్‌లో నవంబర్ 19 నుంచి 23 దాకా మళ్ళీ విచారణ, ఇంటిల్లిపాదినీ లాక్కొచ్చి ప్రశ్నలు, స్టుట్‌గార్ట్‌లో ఉన్న చెల్లెలు, ఆమె భర్త ఏడాది దాటి జైల్లోనే. ఆ బాంబు మళ్ళీ చేసి చూపించమంటే చేసి చూపించాడు కూడా. గెస్టపోలో పని తెలిసిన వాళ్ళకి అర్థమైపోయింది ఇతనొక్కడేనని, పైనవాళ్ళకి అది పనికిరాదు. జర్మన్ పనివాడు తనంతట తాను హిట్లర్ చావాలని అనుకున్నాడంటే ప్రజలంతా నా వెనకే అన్న మాట ఏమవుతుంది? యుద్ధం గెలిచాక ఆ ఇద్దరు బ్రిటిష్ వాళ్ళతో కలిపి పెద్ద విచారణ నాటకం ఆడిద్దామని చంపకుండా దాచారు.

ఆ దాచడమే తర్వాత ఎల్సర్ పేరు చెడగొట్టింది. జాక్సెన్‌హౌజెన్ క్యాంపులో, 1945 మొదట్నుంచి డాకావులో ప్రత్యేక ఖైదీ, పేరు కూడా మార్చి ఎల్లర్ అని పెట్టారు. మిగతావాళ్ళు ఆకలితో చస్తుంటే ఇతనికి పెద్ద గది, చెక్కపని బల్ల, పనిముట్లు, రాత్రీ పగలూ కాపలా ఉండే గార్డులు, ఒక జిథర్ కూడా తయారుచేసుకున్నాడు. ఎవరితోనూ మాట్లాడనివ్వరు. దూరం నుంచి చూసిన ఖైదీలు ఏమనుకుంటారు? ఇతను వాళ్ళ మనిషే, బాంబు కూడా వాళ్ళు పెట్టించిందే, హిట్లర్‌ని దేవుడు కాపాడాడని చెప్పుకోవడానికి ఆడిన డ్రామా అనుకున్నారు. 1945 ఏప్రిల్ 5న గెస్టపో అధిపతి ముల్లర్ ఆఫీసు నుంచి డాకావుకి ఉత్తరం వచ్చింది, ఈసారి విమానదాడి జరిగినప్పుడు ఎల్లర్ అందులో పోయాడని చూపించి చంపేయమని. ఏప్రిల్ 9న కాల్చేసారు, దహనం చేసేసారు, సమాధి లేదు. డాకావుకి అమెరికన్ సైన్యం వచ్చింది ఏప్రిల్ 29న.

రెండో అబద్ధానికి బలం ఇచ్చినవాడు చిన్నవాడు కాదు, అందుకే అంత కాలం నిలిచింది. పాస్టర్ మార్టిన్ నీమొల్లర్, నాజీలని ఎదిరించి తనూ అవే క్యాంపుల్లో ఏళ్ళు గడిపిన మనిషి, 1946లో ఒక ఉపన్యాసంలో ఎల్సర్ హిమ్లర్ నడిపిన నాజీ దళం ఎస్ఎస్ మనిషని, దాడి హిట్లర్ ఆర్డర్ మీదే జరిగిందని చెప్పాడు. క్యాంపులో తిరిగిన పుకారే అది. ఎల్సర్ తల్లి ఆయనకి ఉత్తరం రాసింది నా కొడుకు అలాంటివాడు కాదని, ఆయన మాట మార్చుకోలేదు. గొప్పవాడి పొరపాటుకి పేదవాడి పరువు పోతే తిరిగి తేవడం ఎంత కష్టమో దీన్ని చూస్తే తెలుస్తుంది. అటు బెస్ట్ కూడా తన జ్ఞాపకాల్లో ఇలాంటి కథే రాసాడు. ఊళ్ళో సంగతి ఇంకో రకం, కోనిగ్స్‌బ్రొన్‌ని చుట్టుపక్కల వాళ్ళు హత్యాప్రయత్నం ఊరు అని వెక్కిరించేవాళ్ళు, కాబట్టి ఊరే అతని పేరు ఎత్తడం మానేసింది.

రెండు అబద్ధాలూ ఎదురెదురు పక్షాలవి, కానీ రెండింటి లోపలా ఉన్న మాట ఒకటే: ఒక మామూలు వడ్రంగికి ఇంత బుర్ర, ఇంత ధైర్యం ఎక్కడివి, వెనక ఎవరో ఉండి ఉంటారు. యుద్ధం తర్వాత జర్మనీకి ఈ మాట చాలా హాయిగా ఉండేది. మాకేం తెలుసు, తెలిసినా మేమేం చేయగలం అని ఒక తరం మొత్తం చెప్పుకుంటున్న రోజులవి, అలాంటప్పుడు జీతం కవరూ ఊళ్ళో మాటలూ ఫ్యాక్టరీ గేటూ తప్ప వేరే ఆధారం లేని, స్కూలు చదువు మాత్రమే ఉన్న ఒకడు 1938లోనే యుద్ధం వస్తుందని చెప్పి చేతనైంది చేసాడని ఒప్పుకుంటే ఆ మాట నిలవదు. స్టౌఫెన్‌బర్గ్ విషయంలో ఆ ఇబ్బంది లేదు, ఆయన కల్నల్, హిట్లర్ గదిలోకి వెళ్ళగలిగినవాడు, మనం ఎక్కడ వెళ్ళగలం అనేయొచ్చు. ఆయన బృందానికి 1953లోనే బెర్లిన్ బెండ్లర్‌బ్లాక్‌లో స్మారకం వచ్చింది, 1955లో వీధికి పేరు వచ్చింది. మ్యూనిక్‌లో కరపత్రాలు పంచి 1943లో తల తెగిన సోఫీ షోల్, హాన్స్ షోల్‌ల పేరు యూనివర్సిటీ ముందు చౌక్‌కి 1946లోనే పెట్టారు. వాళ్ళ త్యాగం తక్కువని కాదు. ఆఫీసర్ల కుటుంబాలు, పాస్టర్లు, యూనివర్సిటీవాళ్ళు రాయగలరు, మాట్లాడగలరు, వాళ్ళవాళ్ళని గుర్తుంచుకునే మనుషులు వాళ్ళకి ఉన్నారు. ఎల్సర్‌కి ఒక పార్టీ లేదు, చర్చి లేదు, తూర్పు జర్మనీ కమ్యూనిస్టులకి కూడా పార్టీ ఆర్డర్ లేకుండా ఒంటరిగా చేసినవాడు పనికిరాడు.

చివరికి కాపాడింది శత్రువు రాసిన కాగితమే. బెర్లిన్ విచారణలో గెస్టపో టైప్ చేసిన 203 పేజీలు న్యాయశాఖ ఫైళ్ళలో మిగిలి, 1964లో చరిత్రకారుడు లోథార్ గ్రుక్‌మన్‌కి దొరికాయి. 1969లో ఆంటోన్ హోక్ మిగతా సాక్ష్యాలతో కలిపి వ్యాసం రాసి ఒంటరి పనే అని తేల్చాడు, 1970లో విచారణ పాఠం పుస్తకంగా వచ్చింది. కూలి లెక్క, ఇంకా ఎక్కువ రక్తపాతం జరక్కుండా ఆపాలనుకున్నానన్న మాట, ఇవన్నీ మనకి తెలిసింది అందులోంచే. తనని చంపినవాళ్ళ టైప్‌రైటర్లోంచి తప్ప ఎల్సర్ గొంతు మనకి పెద్దగా మిగల్లేదు, కాబట్టి చదివేటప్పుడు కొంచెం జాగ్రత్తగానే చదవాలి, ఎవర్నైనా కాపాడటానికి కొన్ని దాచి ఉండొచ్చు కూడా.

నమ్మాక కూడా గొడవ తీరలేదు. 1999లో డ్రెస్డెన్‌లో లోథార్ ఫ్రిట్సె అనే పరిశోధకుడు, ఒక మామూలు పౌరుడికి అలాంటి రాజకీయ తీర్పు ఇచ్చే అర్హత ఉందా, అమాయకులు పోతారని తెలిసీ గడియారం పెట్టి వెళ్ళిపోవడం సబబేనా అని రాసాడు, పెద్ద దుమారం లేచింది. మొదటి ప్రశ్న వినగానే కోపం వస్తుంది, అదే పాత ధోరణి, నువ్వెవరివి అనడం. రెండోది మాత్రం కొట్టిపారేసేది కాదు. మరియా హెన్లె పొట్టకూటి కోసం బీరు గ్లాసులు మోసిన మనిషి, ఎల్సర్ కూలి లెక్క ఎవరి కోసం వేసాడో వాళ్ళలో ఆమె కూడా ఒకతె. అయితే జులై 20 బాంబులోనూ నలుగురు పోయారు, వాళ్ళలో ఒకడు కేవలం షార్ట్‌హ్యాండ్ రాసుకునే గుమాస్తా, స్టౌఫెన్‌బర్గ్ కూడా పేలకముందే బయటికి వెళ్ళిపోయాడు, ఆయన్ని ఇంత గట్టిగా ఎవరూ నిలదీయలేదు.

గుర్తుచేసుకోవడం మొదలయ్యాక మాత్రం బాగానే సాగింది. ఆ బీర్ హాలుని 1979లో కూల్చేసారు, ఆ స్తంభం ఉన్న చోట 1989లో నేలలో ఒక ఫలకం. 1998లో కోనిగ్స్‌బ్రొన్‌లో స్మారక మ్యూజియం, 2003లో పోస్టల్ స్టాంపు, 2010లో ఊరి రైల్వే స్టేషన్ దగ్గర విగ్రహం. 2011లో బెర్లిన్ విల్‌హెల్మ్‌స్ట్రాసెలో, హిట్లర్ ఆఫీసు ఉండిన చోటుకి దగ్గర్లో, 17 మీటర్ల ఉక్కు గీతతో ఎల్సర్ ముఖం పక్క నుంచి కనపడేలా నిలబెట్టారు. మ్యూనిక్ మాత్రం తన చౌక్‌ని 1997లో ఇచ్చింది, షోల్ చౌక్‌కి నడిచి వెళ్ళేంత దూరంలోనే, 51 ఏళ్ళ తేడాతో. అది ట్యుర్కెన్‌స్ట్రాసె పక్కన, ఎల్సర్ ఏదో కనిపెడుతున్నానని చెప్పి అద్దెకున్న వీధి. అక్కడ స్కూలు గోడ మీద 2009లో సిల్కె వాగ్నర్ అనే ఆర్టిస్టు పెట్టిన ఎర్ర నియాన్ అక్షరాలు ఉన్నాయి, 8 నవంబర్ 1939 అని. పగలు ఆరిపోయి ఉంటాయి, ఎవరూ తలెత్తి చూడరు. రోజూ రాత్రి 9:20కి వెలిగి ఒక నిమిషం ఉండి ఆరిపోతాయి.